ఆపరేటర్ల కష్టం నుంచి సిద్ధాంతం దాకా: జెన్నిఫర్ రెక్స్‌ఫర్డ్ పరిశోధన ప్రస్థానం

1995 సెప్టెంబరులో అమెరికా టెలికం దిగ్గజం ఏటీ అండ్ టీ తనను తానే మూడు ముక్కలు చేసుకోబోతున్నట్టు ప్రకటించింది. స్విచ్‌లు, ఇతర టెలికం పరికరాలు తయారుచేసే విభాగం లూసెంట్ పేరుతో వేరుపడింది. కంప్యూటర్ల వ్యాపారం ఎన్‌సీఆర్‌గా బయటికి వెళ్లింది. కాల్స్, డేటా సేవలు అమ్మే భాగం పాత పేరుతో మిగిలింది. బెల్ ల్యాబ్స్ అన్న పేరు లూసెంట్ వాటాకు పోయింది. అక్కడి పరిశోధకుల్లో కొందరు ఏటీ అండ్ టీతోనే ఉండిపోవడంతో, వారితో 1996లో ఏటీ అండ్ టీ ల్యాబ్స్ ఏర్పడింది. మిషిగన్ విశ్వవిద్యాలయంలో అదే ఏడాది పీహెచ్‌డీ పూర్తిచేసిన నెట్‌వర్క్ పరిశోధకురాలు జెన్నిఫర్ రెక్స్‌ఫర్డ్ న్యూజెర్సీలోని ఆ ల్యాబ్‌లో చేరారు.

పైకి ఆస్తుల పంపకంలా కనిపించే ఈ పరిణామం ఆమె పరిశోధనను చాలావరకు మలిచింది. 1991లో ప్రిన్స్‌టన్‌లో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ చదివిన రెక్స్‌ఫర్డ్, మిషిగన్‌లో కాంగ్ షిన్ దగ్గర పీహెచ్‌డీ చేసింది రౌటర్ల, అంటే డేటాను దారి చూపి పంపే పెట్టెల, నిర్మాణం మీద. సమాంతర కంప్యూటర్లలో డేటా గడువు దాటకుండా చేరాలంటే రౌటర్ లోపల ఏం ఉండాలన్నది అప్పటి ప్రశ్న. అంటే అది పెట్టె లోపలి పని. పెట్టెలు తయారుచేసే వ్యాపారం లూసెంట్‌తో వెళ్లిపోయింది. ఏటీ అండ్ టీ దగ్గర మిగిలింది ఆ పెట్టెలను వేరేవాళ్ల దగ్గర కొని, దేశమంతా పరిచి, రాత్రింబవళ్లు నడిపే పని. కొన్న రౌటర్ లోపలి సాఫ్ట్‌వేర్‌ను మార్చే వీల్లేదు. తయారీదారు ఇచ్చిన మీటలు ఎన్ని ఉంటే అన్నే. వాటిని సరిగ్గా తిప్పడం ఎలాగన్నదే అక్కడ పరిశోధన.

ఆమె జీవితచరిత్రల్లో సాధారణంగా ఒక అడ్డగీత కనిపిస్తుంది: 1996 నుంచి 2004 వరకు పరిశ్రమ, 2005 ఫిబ్రవరి నుంచి ప్రిన్స్‌టన్ ప్రొఫెసర్. తేదీలు సరైనవే. పరిశోధనను చదువుతూ పోతే మాత్రం ఆ గీత దగ్గర తెగిన చోటేమీ కనిపించదు. విశ్వవిద్యాలయంలో రాసిన పేపర్లలోని ఇబ్బందులు చాలావరకు ఏటీ అండ్ టీ ఆపరేటర్లు అనుభవించినవే. కంపెనీలో ఉండగా రాసిన వాటిలో ముఖ్యమైనదేమో అచ్చమైన గణిత సిద్ధాంతం. ఆపరేటర్ చేతులు ఎక్కడ కట్టేసి ఉన్నాయో ముందు తెలుసుకుని, ఆ కట్ల మధ్యనే సిద్ధాంతం వెతకడం ఆమె పద్ధతి. ఎక్కడ పనిచేస్తున్నా అదే పద్ధతి.

1990ల చివర్లో పెద్ద ఇంటర్నెట్ బ్యాక్‌బోన్‌ను (ఊళ్లను కలిపే ప్రధాన నెట్‌వర్క్‌ను) నడపడమంటే చాలావరకు అనుభవం, ఊహ. బ్యాక్‌బోన్ లోపల ప్రతి లింకుకు ఒక అంకె ఇస్తారు. దాన్ని బరువు అంటారు. రౌటర్లు ఈ బరువుల మొత్తం తక్కువగా ఉండే దారిని లెక్కగట్టి డేటా ముక్కలను, అంటే ప్యాకెట్లను, అటు పంపుతాయి. ఒక లింకు కిక్కిరిసిపోతే ఆపరేటర్ దాని బరువు పెంచుతాడు, ట్రాఫిక్ పక్కదారికి మళ్లుతుంది. కానీ ఎంత మళ్లుతుందో, మళ్లింది వెళ్లి ఎక్కడ ఇరుక్కుంటుందో మార్చి చూస్తేగానీ తెలియదు. లక్షలమంది కస్టమర్లున్న నెట్‌వర్క్ మీద ఇలాంటి ప్రయోగం అంటే టెన్షన్ మామూలుగా ఉండదు.

ఆల్బర్ట్ గ్రీన్‌బర్గ్, ఆన్యా ఫెల్డ్‌మన్, కార్స్‌టన్ లుండ్, నిక్ రైన్‌గోల్డ్‌లతో కలిసి రెక్స్‌ఫర్డ్ తయారుచేసిన నెట్‌స్కోప్ అనే పనిముట్టు ఈ అవసరంలోంచే వచ్చింది. నెట్‌వర్క్ ఆకృతి, రౌటర్ల కాన్ఫిగరేషన్, ట్రాఫిక్ లెక్కలు అన్నీ ఒకచోట చేర్చి, 'ఈ బరువు మారిస్తే ఏమవుతుంది' అన్న ప్రశ్నకు నిజం నెట్‌వర్క్‌ను ముట్టుకోకుండా జవాబు చెప్పడం దాని ఉద్దేశం. వినడానికి తేలికే. చిక్కంతా ట్రాఫిక్ లెక్క దగ్గరుంది.

ఒక ఊళ్లో లోపలికొచ్చిన ట్రాఫిక్ మరో కంపెనీ నెట్‌వర్క్‌కు వెళ్లాలనుకుందాం. ఆ రెండు కంపెనీలు న్యూయార్క్‌లో, షికాగోలో, శాన్‌ఫ్రాన్సిస్కోలో కలుస్తాయి. ఇప్పుడది షికాగో దగ్గర బయటికి వెళ్తోంది కాబట్టి 'షికాగోకు ఇంత డిమాండు' అని రాసుకుంటే లెక్క తప్పినట్టే. లోపల ఒక బరువు మారగానే అదే ట్రాఫిక్ న్యూయార్క్ గుమ్మం పట్టవచ్చు. షికాగో గుమ్మంలో వెళ్లడమన్నది డిమాండు స్వభావం కాదు, ప్రస్తుత సెట్టింగుల ఫలితం మాత్రమే. అందుకే 2000లో నెట్‌వర్క్ పరిశోధకుల సిగ్‌కామ్ సదస్సులో ప్రచురించిన పేపర్‌లో ఈ బృందం డిమాండును వేరేలా నిర్వచించింది: ఒక ప్రవేశద్వారం నుంచి, వెళ్లడానికి వీలున్న ద్వారాల సమూహానికి. చూడ్డానికి ఇది చిన్న మార్పే. ఒక ద్వారం నుంచి మరో ద్వారానికి అని గీసిన చక్కని పట్టికతో పనిచేసే పరిశోధకుడికి ఇది తట్టడం కష్టం. గుమ్మాల దగ్గర ట్రాఫిక్ దిశ మారడాన్ని రోజూ చూసేవాళ్ల పక్కన కూర్చుంటేనే తడుతుంది.

అదే ల్యాబ్‌లోని మిక్కెల్ థోరుప్, బెర్నార్డ్ ఫోర్ట్‌జ్‌తో కలిసి బరువుల సమస్యను గణితంగా పరిష్కరించే పనిలో ఉన్నారు. అత్యుత్తమ బరువులను కచ్చితంగా కనిపెట్టడం లెక్కల భాషలో దుస్సాధ్యమైన సమస్య. అయినా తెలివైన వెతుకులాటతో చాలా మంచి బరువులు దొరుకుతాయని, వాటితో పాత ప్రొటోకాల్ (రౌటర్లు మాట్లాడుకునే నియమావళి) కూడా ఆదర్శ స్థితికి బాగా దగ్గరగా పనిచేస్తుందని వారు 2000లో చూపించారు. 2002లో వారిద్దరూ రెక్స్‌ఫర్డ్‌తో కలిసి రాసిన వ్యాసం ఈ వాదననే ఆపరేటర్లకు అర్థమయ్యేలా చెప్పింది. ఆ రోజుల్లో కొత్త ప్రొటోకాల్ తేవాలన్న ఉత్సాహం అందరిలోనూ ఉంది. ఉన్న మీటలతోనే సరిపెట్టుకోవచ్చని నిరూపించడంలో మెరుపేమీ ఉండదు. పని మాత్రం జరుగుతుంది.

ఇంట గెలిచాక రచ్చ. ఒక కంపెనీ లోపలి వ్యవహారం కనీసం ఒకే యజమాని చేతిలో ఉంటుంది. ఇంటర్నెట్ మొత్తం అలా కాదు. ఈరోజు 70 వేలకు పైగా స్వతంత్ర నెట్‌వర్క్‌లు బీజీపీ అనే ప్రొటోకాల్ ద్వారా ఒకదానికొకటి దారులు చెప్పుకుంటాయి. ఎవరికి వారే యమునా తీరే: ఏ దారిని ఇష్టపడాలో, ఎవరికి ఏ దారి చెప్పాలో ప్రతి నెట్‌వర్క్ తనంతట తానే నిర్ణయించుకుంటుంది, ఆ నిర్ణయాలను బయటపెట్టదు. అందరి పైనా ఉండి సర్దిచెప్పే పెద్ద ఎవరూ లేరు.

ఇందులో ఉన్న ప్రమాదాన్ని ఒక చిన్న ఉదాహరణతో చూడవచ్చు. గమ్యం ఒకటి, దాని చుట్టూ క, చ, ట అనే మూడు నెట్‌వర్క్‌లు. మూడింటికీ గమ్యానికి నేరుగా దారి ఉంది. కానీ క నేరుగా వెళ్లడం కన్నా చ మీదుగా వెళ్లడానికి ఇష్టపడుతుంది. చ అలాగే ట మీదుగా, ట మళ్లీ క మీదుగా. ఎవరికీ అంతకన్నా పొడవైన చుట్టుదారి అక్కర్లేదు. మొదట అందరూ నేరుగా వెళ్తున్నారు. చ నేరుగా వెళ్తోందని తెలిసి క తన దారిని చ మీదుగా మార్చుకుంటుంది. ఇంతలో ట నేరుగా వెళ్తోందని చూసి చ కూడా ట మీదికి మారుతుంది. దాంతో క పట్టుకున్న దారి మాయమైంది, అది మళ్లీ నేరుగా వెళ్లాల్సిందే. క నేరుగా వెళ్లడం చూసి ట దాని మీదికి మారుతుంది. చ దారి పోయింది, అది నేరుగా. చ నేరుగా వెళ్తోంది కాబట్టి క మళ్లీ చ మీదికి. ఇక ట దారి పోయింది. ఈ తిరుగుడుకు అంతులేదు. ముగ్గురిలో ఎవరూ తప్పు చేయలేదు, ప్రొటోకాల్ నియమం ఏదీ ఉల్లంఘించలేదు. అయినా దారులు ఎప్పటికీ కుదురుకోవు.

ఇలాంటి శాశ్వత ఊగిసలాట సాధ్యమేనని కన్నన్ వరదన్, రమేశ్ గోవిందన్, డెబొరా ఎస్ట్రిన్ 1990ల మధ్యలోనే చూపించారు. 1999లో బెల్ ల్యాబ్స్‌కు చెందిన టిమ్ గ్రిఫిన్, గోర్డన్ విల్ఫాంగ్ ఇంకో చేదు నిజం బయటపెట్టారు. అందరి పాలసీలూ, అంటే దారులు ఎంచుకునే నియమాలూ, చేతికొచ్చినా, అవి కుదురుకుంటాయో లేదో తేల్చే లెక్క సాధారణ సందర్భంలో కంప్యూటర్లకు అందనంత కష్టం. అసలు ఆ పాలసీలు చేతికే రావు, అవి వ్యాపార రహస్యాలు. నెట్‌వర్క్‌లన్నీ తమ పాలసీలను ఒక ఉమ్మడి రిజిస్ట్రీలో రాయాలని, అక్కడ తనిఖీ జరగాలని కొందరు ప్రతిపాదించారు. కాగితం మీద బాగానే ఉంది. ఏ కంపెనీ రాస్తుంది?

2000 సంవత్సరంలో సిగ్‌మెట్రిక్స్ సదస్సులో లిషిన్ గావ్, రెక్స్‌ఫర్డ్ ప్రచురించిన పేపర్ ఈ చిక్కుముడిని మరో వైపు నుంచి పట్టుకుంది. అన్ని పాలసీలూ సాధ్యమే కావచ్చు, మరి నిజంగా ఆపరేటర్లు ఎలాంటివి పెట్టుకుంటారు? జవాబు కాంట్రాక్టుల్లో ఉంది. రెండు నెట్‌వర్క్‌ల మధ్య సంబంధం చాలావరకు రెండు రకాలు. ఒకటి, కస్టమర్ డబ్బు కట్టి ప్రొవైడర్ దగ్గర కనెక్షన్ కొనుక్కోవడం. రెండోది, సమ ఉజ్జీలైన ఇద్దరు డబ్బు లేకుండా ఒకరి కస్టమర్లకు ఒకరు దారి ఇచ్చుకోవడం. దీన్ని పీరింగ్ అంటారు. ఈ సంబంధాల్లోంచి మూడు షరతులు తీశారు. కస్టమర్ ద్వారా వచ్చిన దారి ఉంటే దానికే మొదటి ప్రాధాన్యం. కస్టమర్ దారులను అందరికీ చెప్పాలి, కానీ పీర్ నుంచో ప్రొవైడర్ నుంచో తెలిసిన దారులను కస్టమర్లకు మాత్రమే చెప్పాలి. మూడోది, కస్టమర్-ప్రొవైడర్ గొలుసు గుండ్రంగా తిరిగి మొదటికి రాకూడదు. ఈ మూడూ పాటిస్తే చాలు, ఎవరి పాలసీ ఎవరికీ చూపించకుండానే దారులు తప్పక కుదురుకుంటాయన్నది వారి సిద్ధాంతం.

పై ఉదాహరణకు దీన్ని అన్వయించి చూస్తే బలం తెలుస్తుంది. గమ్యం మూడు నెట్‌వర్క్‌లకూ కస్టమర్ అనుకుందాం. క నేరుగా ఉన్న కస్టమర్ దారిని వదిలి చ మీదుగా వెళ్లాలంటే, చ కూడా క కు కస్టమర్ అయ్యుండాలి. అదే లెక్కన ట వెళ్లి చ కు కస్టమర్, క వెళ్లి ట కు కస్టమర్. అంటే క తన కస్టమర్ కస్టమర్‌కు కస్టమర్ అన్నమాట. డబ్బు గుండ్రంగా తిరిగే అలాంటి వ్యాపారం ఎవరూ చేయరు. ఒకవేళ ముగ్గురూ పీర్లే అయితే, ప్రతివారూ తమ కస్టమర్ దారినే ఇష్టపడతారు, కథ అక్కడితో ముగుస్తుంది. మొదటి రెండు షరతుల వెనక కూడా ఉన్నది సొంత లాభమే. కస్టమర్ దారిలో పంపితే డబ్బు వస్తుంది, ప్రొవైడర్ దారిలో పంపితే డబ్బు పోతుంది. రెండు ప్రొవైడర్ల మధ్య ట్రాఫిక్‌ను ఉచితంగా మోయడానికి ఎవరు ఒప్పుకుంటారు? ఇంటర్నెట్ ఇన్నాళ్లూ చాలావరకు కుదురుగా ఎందుకు ఉందో అర్థం చేసుకోవడానికి వ్యాపారుల స్వార్థమే ఆధారమైంది. కంప్యూటర్ సైన్స్‌లో ఇంత తక్కువ ఊహతో ఇంత పెద్ద ఫలితం రావడం అరుదు.

ఈ షరతులు ఇప్పుడు గావ్-రెక్స్‌ఫర్డ్ నియమాలుగా పాఠ్యాంశమయ్యాయి. ఇంటర్నెట్ రూటింగ్ మీద సిమ్యులేషన్ చేసే ప్రతి రెండో పేపర్ వాటితోనే మొదలవుతుంది. అక్కడే కొంచెం జాగ్రత్త కూడా అవసరం. ఆ నియమాలు సరిపోయేవి మాత్రమే, తప్పనిసరివి కావు. వాటిని పాటించని నెట్‌వర్క్‌లు కూడా కుదురుగా ఉండవచ్చు. పైగా ఇవాళ ఒకే రెండు కంపెనీలు ఒక ఖండంలో పీర్లుగా, మరో ఖండంలో కస్టమర్-ప్రొవైడర్లుగా ఉండటం మామూలే. పెద్ద కంటెంట్ కంపెనీలు పైవాళ్లను దాటేసి వేల నెట్‌వర్క్‌లతో నేరుగా కలుస్తున్నాయి. 2000 నాటి పిరమిడ్ బాగా చదునైపోయింది. నియమాలను ప్రకృతి సూత్రాల్లా వాడేసే పేపర్లు ఈ మార్పును పట్టించుకోవు. అసలు పేపర్ ఆపరేటర్ల అలవాట్లను చూసి రాసింది. తర్వాత వచ్చినవాళ్లలో చాలామంది ఆ పేపర్‌ను చూసి రాశారు.

ఏటీ అండ్ టీ రోజుల చివర్లో వచ్చిన మరో పని లోపలి దారులకూ బయటి దారులకూ ఉన్న లంకె మీద. ఒకే గమ్యానికి రెండు గుమ్మాలు బీజీపీ దృష్టిలో సమానంగా ఉంటే, ప్రతి రౌటర్ తనకు దగ్గరి గుమ్మాన్ని ఎంచుకుంటుంది. పరాయి ట్రాఫిక్‌ను ఎంత త్వరగా వదిలించుకుంటే అంత మంచిదన్న లెక్క. దీన్ని హాట్ పొటాటో రూటింగ్ అంటారు. ఏది దగ్గర అన్నది లోపలి బరువుల మీద ఆధారపడుతుంది కదా. అంటే మరమ్మతు కోసం ఎక్కడో ఒక లింకు బరువు మారిస్తే, వేల గమ్యాలకు వెళ్లే ట్రాఫిక్ ఒక్కసారిగా గుమ్మం మారవచ్చు. అప్పటికి శాన్‌డియేగోలో పీహెచ్‌డీ చేస్తున్న రెనాటా టెషేరా, ఏటీ అండ్ టీకి చెందిన అమన్ షేక్, అప్పుడు ఇంటెల్‌లో ఉన్న గ్రిఫిన్‌లతో కలిసి రెక్స్‌ఫర్డ్ 2004లో దీన్ని కొలిచి చూపించారు. లోపల మార్పు జరిగాక రౌటర్లు బయటి దారులను సవరించుకోవడానికి 60 సెకన్లు, అంతకన్నా ఎక్కువ కూడా పట్టిన సందర్భాలున్నాయి. ఆ వ్యవధిలో ప్యాకెట్లు దారితప్పుతాయి.

ఇలాంటి కొలత బయటివాళ్లకు సాధ్యం కాదు. లోపలి ప్రొటోకాల్ సందేశాలు, బీజీపీ సందేశాలు రెండూ ఒకే గడియారం మీద కావాలి. ఇంటర్న్‌గా వచ్చిన విద్యార్థికి కంపెనీ ల్యాబ్ ఇవ్వగలిగిన అతిపెద్ద కానుక ఇదే. దీనికో లోటు కూడా ఉంది. ఆ డేటా బయటికి రాదు కాబట్టి మరో బృందం అదే ఫలితాన్ని సరిచూడలేదు. శాస్త్రం పరంగా ఇది చిన్న లోపమేమీ కాదు. నెట్‌వర్క్ కొలతల రంగం ఈ ఇబ్బందిని ఈరోజుకూ మోస్తోంది.

ఇన్నేళ్లు పరోక్షంగా మీటలు తిప్పి విసిగితే కలిగే ఆలోచన ఒకటుంది: రౌటర్లన్నీ విడివిడిగా ఆలోచించుకునే బదులు, అందరి తరఫున ఒకచోటే ఎందుకు నిర్ణయించకూడదు? 2004లో నిక్ ఫీమ్‌స్టర్, హరి బాలకృష్ణన్, షేక్, కోబస్ వాన్ డెర్ మెర్వెలతో కలిసి ఆమె ప్రతిపాదించిన రూటింగ్ కంట్రోల్ ప్లాట్‌ఫాం (ఆర్‌సీపీ) సరిగ్గా అదే. ఇందులో తెలివి ఎక్కడుందంటే, రౌటర్లలో ఏమీ మార్చక్కర్లేదు. ఒక సర్వర్ మామూలు బీజీపీ భాషలోనే అన్ని రౌటర్ల నుంచి దారులు వింటుంది, ఎవరికి ఏది మంచిదో లెక్కగడుతుంది, మళ్లీ అదే భాషలో ఒక్కో రౌటర్‌కు ఒక్కో దారి చెబుతుంది. రౌటర్‌కు తాను వింటున్నది సర్వర్ మాట అని తెలియనే తెలియదు. మరుసటి ఏడాది గ్రీన్‌బర్గ్, డేవిడ్ మాల్ట్జ్ తదితరులతో కలిసి రాసిన 4డీ పేపర్ మొహమాటం వదిలేసింది. ఉన్నదంతా పక్కనపెట్టి కొత్తగా కట్టాల్సి వస్తే నిర్ణయాధికారం పూర్తిగా రౌటర్ల నుంచి బయటికి తీసేయాలని వాదించింది. ఒకే భావం, రెండు గొంతులు. మొదటిది రేపు ఆపరేటర్ వాడుకోగలిగేది, రెండోది పదేళ్ల తర్వాతి మాట. ఆ రచయితల్లో గ్రీన్‌బర్గ్, మాల్ట్జ్ తర్వాత మైక్రోసాఫ్ట్‌కు వెళ్లి దాని క్లౌడ్ సేవ అజూర్ నెట్‌వర్క్ నిర్మాణంలో కీలక పాత్ర పోషించారు.

స్విచ్‌లను బయటి సాఫ్ట్‌వేర్‌తో నడిపించే ఓపెన్‌ఫ్లో మీద 2008లో ఎనిమిది మంది పేర్లతో వచ్చిన పేపర్‌లో రెక్స్‌ఫర్డ్ పేరు కూడా ఉంది. ఆ పనికి కేంద్రం స్టాన్‌ఫర్డ్, ముఖ్య చోదకుడు నిక్ మెకియోన్. అక్కడి విద్యార్థి మార్టిన్ కసాడో చేసిన ఈథేన్ దానికి దగ్గరి పూర్వరూపం. నెట్‌వర్క్‌ను ఇలా సాఫ్ట్‌వేర్‌తో ఒకచోటి నుంచి నడిపే పద్ధతిని, అంటే సాఫ్ట్‌వేర్ డిఫైన్డ్ నెట్‌వర్కింగ్‌ను, ఏ ఒక్కరి ఖాతాలోనూ వేయలేం. రెక్స్‌ఫర్డ్ వాటా ప్రత్యేకత ఏమిటంటే, ఓపెన్‌ఫ్లో క్యాంపస్ నెట్‌వర్క్‌ల నుంచి ఆలోచిస్తే, ఆర్‌సీపీ, 4డీ మొదటినుంచీ ఆపరేటర్ తలనొప్పి నుంచి ఆలోచించాయి.

ఓపెన్‌ఫ్లోతో స్విచ్‌కు ఆజ్ఞలివ్వడం కుదిరింది, కానీ ఆ ఆజ్ఞలు రాయడం నరకం. ఒక ప్రోగ్రాం వెబ్ ట్రాఫిక్ ఎంతుందో లెక్కపెట్టాలి. ఇంకో ప్రోగ్రాం గమ్యాన్ని బట్టి ప్యాకెట్లు పంపాలి. స్విచ్ మాత్రం ఒక ప్యాకెట్‌కు సరిపోయే నియమాల్లో పై ప్రాధాన్యమున్న ఒక్కదాన్నే అమలుచేస్తుంది. లెక్కపెట్టే నియమం పైన ఉంటే ప్యాకెట్ ముందుకు పోదు, పంపే నియమం పైన ఉంటే లెక్క రాదు. రెండూ జరగాలంటే ప్రతి గమ్యానికీ 'వెబ్ అయితే, కాకపోతే' అని విడదీసి నియమాలన్నీ మళ్లీ రాయాలి. ఇద్దరు ప్రోగ్రామర్లు విడివిడిగా రాసిన పనిని మూడోవాడు చేత్తో కలపాలన్నమాట. 2011లో వచ్చిన ఫ్రెనెటిక్ భాష ఈ కలిపే పనిని కంపైలర్‌కు, అంటే ప్రోగ్రాంను యంత్రం భాషలోకి మార్చే సాఫ్ట్‌వేర్‌కు, అప్పజెప్పింది. ప్రిన్స్‌టన్‌లో ప్రోగ్రామింగ్ భాషల నిపుణుడు డేవిడ్ వాకర్, అక్కడ పరిశోధన చేసి కార్నెల్‌కు వెళ్లిన నేట్ ఫోస్టర్ ఇందులో ప్రధాన భాగస్వాములు. టెలికం ల్యాబ్‌లో డేటా దొరుకుతుంది. కాఫీ తాగుతూ భాషల సిద్ధాంతం మాట్లాడే సహోద్యోగి దొరకాలంటే ఎక్కువ అవకాశం విశ్వవిద్యాలయంలోనే.

తర్వాతి అడుగు 2014లో వచ్చిన పీ4. ఓపెన్‌ఫ్లో మొదటి వెర్షన్‌లో స్విచ్ గుర్తుపట్టే హెడర్ ఫీల్డులు (ప్యాకెట్ మొదట్లో ఉండే చిరునామా లాంటి వివరాలు) 12. 2013 నాటి వెర్షన్ 1.4కు అవి 41 అయ్యాయి. కొత్త ప్రొటోకాల్ వచ్చిన ప్రతిసారీ జాబితా పెంచుకుంటూ పోయే బదులు, ఏ ఫీల్డులు చూడాలో, ఏం చేయాలో స్విచ్‌కే ప్రోగ్రాం రాసి చెబుదామన్నది పీ4. దీన్ని నడిపే టోఫినో చిప్‌ను బేర్‌ఫుట్ నెట్‌వర్క్స్ 2016లో ప్రకటించింది. ఇంటెల్ ఆ కంపెనీని 2019లో కొని, 2023లో తర్వాతి తరం టోఫినో అభివృద్ధిని ఆపేసింది. భాష బతికే ఉంది, స్మార్ట్ నెట్‌వర్క్ కార్డుల్లో వాడుతున్నారు. కానీ ఒక కంపెనీ లాభనష్టాల నిర్ణయంతో ఎన్నో ల్యాబుల పరిశోధన కాళ్ల కింద నేల కదిలింది. 1996లో రౌటర్ లోపలికి చేయి పెట్టలేకపోవడం ఎలాంటి కట్టో, ఇదీ అలాంటిదే. విశ్వవిద్యాలయంలో ఉన్నంత మాత్రాన అది వదల్లేదు.

పదవులు, పురస్కారాల సంగతి క్లుప్తంగా. 2004లో కంప్యూటర్ నిపుణుల సంఘం ఏసీఎం ఇచ్చే గ్రేస్ మరే హాపర్ పురస్కారం, 2018లో సిగ్‌కామ్ జీవితకాల పురస్కారం, 2014లో అమెరికా ఇంజినీరింగ్ అకాడెమీ, 2020లో సైన్స్ అకాడెమీ సభ్యత్వం. 2003 నుంచి 2007 వరకు ఏసీఎంలోని నెట్‌వర్క్ పరిశోధకుల బృందం సిగ్‌కామ్‌కు అధ్యక్షురాలు. 2015లో ప్రిన్స్‌టన్ కంప్యూటర్ సైన్స్ విభాగాధిపతి, 2023 మార్చి నుంచి విశ్వవిద్యాలయ ప్రొవోస్ట్ (విద్యా వ్యవహారాల ప్రధానాధికారి). హాపర్ పురస్కారం 35 ఏళ్ల లోపు చేసిన పనికి ఇచ్చేది. అంటే ఏటీ అండ్ టీ కాలపు కృషికే అది వచ్చింది.

ఆమె ఇటీవలి పనుల్లో ఎక్కువ చర్చకు రావాల్సినది బీజీపీ భద్రత గురించి. గావ్-రెక్స్‌ఫర్డ్ నియమాలు అందరూ నిజం చెబుతారనుకున్నప్పటి మాట. అబద్ధం చెబితే? 2008 ఫిబ్రవరి 24న యూట్యూబ్‌ను దేశంలో నిలిపేయబోయిన పాకిస్థాన్ టెలికం, ఆ చిరునామాలు తన దగ్గరున్నాయని పొరపాటున ప్రపంచానికే చెప్పేసింది. దాదాపు రెండు గంటలపాటు ప్రపంచంలో చాలాచోట్ల యూట్యూబ్ అందలేదు. అది పొరపాటు కాబట్టి అందరికీ కనబడింది. కావాలని చేసేవాడు గుట్టుగా చేస్తాడు.

వెబ్‌సైటు అసలుదేనని చెప్పే సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థలు, అడిగినవారు ఆ సైటు యజమానేనని ఎలా నిర్ధారిస్తాయి? చాలావరకు ఆ సైటులో ఒక రహస్య సంఖ్య పెట్టమని చెప్పి, వెళ్లి చూస్తాయి. వెళ్లే దారినే బీజీపీ ద్వారా దొంగిలిస్తే సర్టిఫికెట్ దొంగ చేతికొస్తుంది. తర్వాత దారి వదిలేసినా సర్టిఫికెట్ చెల్లుతూనే ఉంటుంది. హెచ్‌టీటీపీఎస్ తాళం గుర్తు మీద మనం పెట్టుకున్న నమ్మకం మొత్తం కొన్ని నిమిషాల దారిమళ్లింపుతో పోవచ్చన్నమాట. హెన్రీ బర్జ్-లీ, ఇషిన్ సన్, ఆన్ ఎడ్మండ్సన్, ప్రతీక్ మిట్టల్‌తో కలిసి రెక్స్‌ఫర్డ్ 2018లో ప్రచురించిన పేపర్, ఐదు పెద్ద సర్టిఫికెట్ సంస్థల మీద ఈ దాడి పనిచేస్తుందని చూపింది. దాడి చేసింది తమ సొంత డొమైన్ల మీదే కాబట్టి ఎవరికీ నష్టం లేదు. వారు సూచించిన పరిష్కారం ఒక్క చోటు నుంచి కాకుండా ఇంటర్నెట్‌లో దూరదూరంగా ఉన్న పలు చోట్ల నుంచి ఒకేసారి వెళ్లి చూడటం. అన్ని వైపుల దారులనూ ఒకేసారి మళ్లించడం దాడి చేసేవాడికి చాలా కష్టం.

ఇక్కడా బీజీపీని మార్చమని అడగలేదు. దాన్ని మార్చాలంటే వేల కంపెనీలు ఒప్పుకోవాలి, సర్టిఫికెట్ తనిఖీని మార్చాలంటే కొద్ది సంస్థలు చాలు. సర్టిఫికెట్ సంస్థ లెట్స్ ఎన్‌క్రిప్ట్ 2020 ఫిబ్రవరిలో దీన్ని అమల్లోకి తెచ్చింది. బ్రౌజర్ తయారీదారులు, సర్టిఫికెట్ సంస్థలు సభ్యులుగా ఉన్న సీఏ/బ్రౌజర్ ఫోరం 2024లో దీన్ని అందరికీ నిబంధనగా ఆమోదించింది. 2025 నుంచి అది దశలవారీగా తప్పనిసరి అవుతూ వచ్చింది.